అందరికంటే పొడుగు గీత

బిలాస్‌పూర్, రైల్వే క్వార్టర్లు,
11 జనవరి 1932

అన్నయ్య శంకరరావుకి కనకం నమస్కారాలు.

ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి కాబట్టి రాశాను. క్షేమమూ లేదు, ఏమీ లేదు. నాలుగు రోజుల నుంచి ఒళ్ళు మండిపోతోంది.

మీ బావ పని నీకు కొత్తగా చెప్పక్కర్లేదు. గూడ్సు బళ్ళ ఇరుసులు తిరిగేచోట ఉండే ఇనప పెట్టెల్లో నూనెలో నానిన ఊలుపీచు కూరడం. పీచు బాగుంటే ఇరుసుకి నూనె అందుతుంది, బండి చల్లగా పోతుంది. లేకపోతే దారిలో ఇరుసుపెట్టె వేడెక్కి, పొగలు కక్కి, బండి అడవి మధ్యలో ఆగిపోతుంది. పద్నాలుగేళ్ళుగా ఆయన చేస్తున్నది ఇదే. షెడ్డుకి ఏ మొండి పెట్టె వచ్చినా "ఫిట్టరుగారూ, మీరే చూడాలి" అని ఆయన మీదికే తోస్తారు.

అలాంటి మనిషిని మొన్న గోడకెక్కించారు. దసరాకి కొత్తగా వచ్చిన దొర పెద్దాఫీసుకి రాసి ఒక పటం తెప్పించి గేటు దగ్గర మేకులు కొట్టించాడు. ఆరుగురు ఫిట్టర్ల పేర్లట. ఒక్కో పేరు మీద నల్లసిరాతో మందంగా నిలువు గీత. జూలై నుంచి డిసెంబరు దాకా ఎవరు కూరిన పెట్టెలు ఎన్ని వేడెక్కాయో అంత పొడుగు గీత. మీ బావది నలభై ఒకటి. అందరికంటే పొడుగు. నేను చూడలేదు, చూడను కూడా. పక్క క్వార్టరు మంగాయమ్మ చూసొచ్చి చేతులు బార్లా చాపి మరీ చెప్పింది.

మార్చి నెలాఖరుకి ఉద్యోగాల తగ్గింపు. పొడుగు గీతలవాళ్ళు ముందు పోతారని దొర అందరి ఎదటా అన్నాడు. ఉద్యోగం పోతే క్వార్టరూ పోతుంది. ఇద్దరు పిల్లలతో ఎక్కడికి పోతాం? దున్నే ఎద్దునే పొడవడం అంటే ఇదే.

పెళ్ళయి పదకొండేళ్ళయింది. మీ బావ పేరు నేను ఒక్కసారి కూడా నోటితో పలకలేదు. సంతలో ఎవరడిగినా ఫిట్టరుగారు అంటాను. నేను పలకని పేరుని దారిన పోయే ప్రతివాడూ చదివి నవ్వేటట్టు చేశారు. నాకు అదే గుచ్చుకుంటోంది.

నువ్వు అక్కడ డ్రాయింగాఫీసులో ఇలాంటివే గీస్తావు కదా. ఇది తప్పో ఒప్పో చెప్పు. తప్పయితే ఎలా కొట్టెయ్యాలో చెప్పు.

గార్డు అప్పారావుగారి చేత గుమ్మడి వడియాలు పంపాను. రతన్‌పూర్ నుంచి బళ్ళ మీద వచ్చిన బూడిద గుమ్మడికాయలు. ఇక్కడివాళ్ళు రఖియా అంటారు. ఈ ఏడు నీళ్ళ ట్యాంకు పక్కన సిమెంటు చప్టా మీద పెట్టాం. పొద్దున్నించి సాయంత్రం దాకా ఎండే. కార్తీక పౌర్ణమి వెళ్ళగానే నేనూ మంగాయమ్మా పోట్లాడి సంపాదించుకున్న చోటు అది. ఒక్క ఇసుకరేణువు పంటి కింద పడితే నన్నడుగు. వదినకి చెప్పు.

నీ చెల్లెలు
కనకం


ఖరగ్‌పూర్,
17 జనవరి 1932

చిరంజీవి సౌభాగ్యవతి కనకమహాలక్ష్మికి అన్న శంకరరావు దీవించి రాయునది.

నీ ఉత్తరమూ వడియాలూ ఒకే రోజు అందాయి. ఉత్తరం కారంగా ఉంది, వడియాలు కమ్మగా ఉన్నాయి. నువ్వన్నట్టే ఒక్క రేణువు కూడా తగల్లేదు. మీ వదిన సగం దాచేసింది.

పటం సంగతి. ఇలాంటివి ఇప్పుడు చాలా షెడ్లకి వెళ్తున్నాయి. గీసేవాడికి పైనుంచి వచ్చిన జాబితా తప్ప మరేమీ తెలీదు. కాబట్టి గీసిన చేతిని తిట్టి ప్రయోజనం లేదు.

అయితే అందులో ఒక లోపం ఉంది. బావ మిగతావాళ్ళకంటే ఎక్కువ పెట్టెలు కూరుతాడు కదా. ఎక్కువ దోసెలు పోసే ఆవిడకి మాడిన దోసెలూ ఎక్కువే ఉంటాయి. మొత్తం ఎన్ని మాడాయన్నది ఆవిడ పనితనం చెప్పదు. వందకి ఎన్ని మాడాయో చూడాలి. బావనీ మిగతావాళ్ళనీ ఆరు నెలల్లో ఎన్నేసి పెట్టెలు కూరారో అడిగి, వందకి ఎన్ని వేడెక్కాయో కట్టు. ఆ అంకెతో గీతలు గీస్తే బావ గీత పొట్టిదవుతుంది. అది దొరకి చూపించండి. మెత్తగా మాట్లాడమను. రోజులు బాగాలేవు.

ఆశీస్సులతో
శంకరరావు


బిలాస్‌పూర్,
26 జనవరి 1932

అన్నయ్యకి,

నీ మాట ప్రకారం లెక్క కట్టాను. మీ బావ కూరినవి ఎనిమిది వందల ఇరవై, వేడెక్కినవి నలభై ఒకటి. వందకి అయిదు. నువ్వు చెప్పినట్టే గీత పొట్టిదయింది. గంతులేశాను.

తరవాత మిగతావాళ్ళవి కట్టాను. అప్పలకొండ కూరినవి మూడు వందల అరవై, వేడెక్కినవి ఇరవై తొమ్మిది. వందకి ఎనిమిది. అందరికంటే పొడుగు గీత ఇప్పుడు అప్పలకొండది.

అప్పలకొండ ఎవరో తెలుసా? మా వెనక వరసలో ఉంటాడు, అయిదుగురు పిల్లలు. రెండేళ్ళ కిందట మీ బావే చేయి పట్టి పని నేర్పాడు. ఈ లెక్క సంగతి ఎలా పొక్కిందో, అతని భార్య అప్పయమ్మ వచ్చి మా గుమ్మంలో కూలబడింది. "అమ్మా, మీ గీత దించుకోడానికి మా గీత లేపుతారేటి?" అంది. కొంగుతో మొహం తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు.

అన్నయ్యా, నీ సలహా నాకు నచ్చలేదు. మా ఆయన్ని గోడ మీంచి దించడానికి ఇంకొకడిని ఎక్కించడం ఏం న్యాయం? దొర చేసిందీ అదే, నువ్వు చెప్పిందీ అదే. కొంచెం నాజూగ్గా చెప్పావు, అంతే తేడా. మీ బావకి చూపిస్తే కాయితం మడిచి పొయ్యిలో పెట్టేశారు. "అప్పలకొండ సేతిలో ఏ తప్పూ నేదు. నానే నేర్పేను" అన్నారు.

మెత్తగా మాట్లాడమన్నావు. మెత్తగా ఉంటేనే కదా మొత్తబుద్ధి అవుతుంది. ఇంకో దారేదైనా ఉంటే చెప్పు, లేకపోతే లేదని చెప్పు.

కనకం


బిలాస్‌పూర్,
29 జనవరి 1932

శంకరరావుగారికి,

ఇవాళ మీ బావ అన్నం కేరియరు మరచిపోతే పట్టుకుని గేటు దాకా వెళ్ళాను. ఎదురుగా పటం. చూడనన్నదాన్ని చూశాను.

కుడివైపు కింది మూలన, చిటికెనవేలి గోరంత చేప.

నీకు ఎనిమిదేళ్ళప్పుడు పలక మీద ఏం గీసినా మూలన ఆ చేప పెట్టేవాడివి. నాన్న చేత తన్నులు తిన్నా మానలేదు. నాకు బొమ్మ గీసిస్తే చేప కోసం వెతుక్కునేదాన్ని.

గీసిన చేతిని తిట్టకు అన్నావు! ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. బావ పేరు మీద నల్లసిరా ఎలా పూశావు? ఆ తరవాత నా వడియాలు ఎలా తిన్నావు?

మీ బావతో చెప్పాను. "మొదటి రోజే సూసేను, నువ్వెప్పుడూ సెప్పే సేపే గదా" అన్నారు. "మరి చెప్పలేదేం?" అంటే "నౌకరీ. ఆడేటి సేస్తాడు?" అన్నారు. ఆయన మంచితనం నాకు లేదు.

జవాబు రాయక్కర్లేదు.

కనకమహాలక్ష్మి


ఖరగ్‌పూర్,
8 ఫిబ్రవరి 1932

కనకానికి,

రాయొద్దన్నా రాస్తున్నాను. చదవకపోతే బావ చేత చదివించు.

అవును, నేనే గీశాను. జాబితాలో బావ పేరు చూశాను. ఇంకెవరో గోవిందరావేమో అనుకుందామని చూశాను, టికెట్టు నంబరు కూడా కలిసింది. కుంచె కింద పెట్టాను. మా హెడ్డు తలెత్తి చూశాడు. మళ్ళీ తీసుకున్నాను. మా గదిలో కూడా పన్నెండు మందిలో నలుగురిని తగ్గిస్తారట. అది నీకు రాయలేదు. భయపడ్డాను. సిగ్గుపడుతున్నాను. ఇంతకంటే చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

కానీ అసలు తప్పు నీకు ఇంకా తెలీదు, అదీ చెబుతాను. ఆ జాబితాలో పేర్లతోపాటు తారీఖులు కూడా ఉన్నాయి. ఏ పెట్టె ఏ రోజు వేడెక్కిందో రాసి ఉంది. దొర అడిగింది ఎవరు అని. నేను పేర్లవారీగా గీసిచ్చాను. పేర్లతో గీసిన పటంలో ఎవడో ఒకడు పొడుగ్గా ఉండక తప్పదు. అప్పలకొండ విషయంలో నువ్వు తిట్టిన తిట్టు సరైనదే. నేను రెండోసారి కూడా పేర్లనే పట్టుకుని వేలాడాను.

మొన్న నా దగ్గరున్న నకలు తీసి, పేర్లన్నీ చేత్తో మూసి, వారం వారం ఎన్ని వేడెక్కాయో ఒక్కో చుక్క పెట్టి చుక్కలు కలిపాను. కనకం, జూలై నుంచి నవంబరు మూడో వారం దాకా గీత చాప పరిచినట్టుంది. వారానికి రెండు, మూడు, మహా అయితే నాలుగు. తరవాత ఒక్కసారి లేచింది. పది, పన్నెండు, పదమూడు, పదమూడు, పదమూడు. అప్పలకొండకి ఎక్కువ ఎందుకున్నాయంటే, జాబితాలో ఉన్న ప్రకారం అతను జూలై నుంచి అక్టోబరు దాకా జ్వరాలతో సెలవులో ఉండి, పని ఎక్కువగా ఆ చివరి వారాల్లోనే చేశాడు. ఆరుగురి చేతులూ ఒకే వారం చెడిపోతాయా?

గీత లేచింది కార్తీక పౌర్ణమి వెళ్ళిన వారం. షెడ్డులో ఆ వారం ఏదో మారింది. నూనో, పీచో, ఇంకేదో. ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను. నువ్వు కనిపెట్టగలవు. నామీద కోపం ఉంచుకునే కనిపెట్టు.

శంకరరావు


బిలాస్‌పూర్,
21 ఫిబ్రవరి 1932

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. మీ బావ చేత విచారించాను. నూనె పాత పీపాల్లోదే. కొత్త పీపాలు డిసెంబరు నెలాఖరుకి గానీ రాలేదు. చలి అంటావేమో, నిరుడూ ఇంతే చలి. పీచు ఆ పీచే, పొదుపని పాతది ఉతికి మళ్ళీ వాడటం నిరుడు వేసవి నుంచీ ఉంది.

ఏమీ మారినట్టు లేదు.

పిల్లలు బాగున్నారు. వదినని అడిగానని చెప్పు.

కనకం


ఖరగ్‌పూర్,
27 ఫిబ్రవరి 1932

కనకానికి,

నీ ఉత్తరంలో ఒక్క తిట్టు లేదు. నాకు భయమేసింది. నువ్వు కోపం మానేశావంటే ఏదో దాచావన్నమాట. చిన్నప్పుడు నెయ్యి గిన్నె పగలగొట్టి ఇలాగే రెండు రోజులు బుద్ధిగా ఉన్నావు.

వారాల పటం నేను శుభ్రంగా గీశాను. ఎవరూ గీయమనలేదు. పెద్దాఫీసు కాయితం మీద, అదే సిరాతో. గీత లేచినచోట ఒక బాణం పెట్టాను. బాణం కింద ఖాళీ ఉంచాను. అక్కడ ఏం జరిగిందో రాయాలి. ఖాళీగా పంపితే దొర తనకి తోచింది రాసుకుంటాడు, అది మళ్ళీ ఎవడో కూలివాడి పేరే అవుతుంది. మార్చి ముంచుకొస్తోంది.

నీకు తెలిసింది చెప్పు. నేను దాచి అనుభవించాను, నువ్వు ఆ పని చెయ్యకు.

శంకరరావు


బిలాస్‌పూర్,
4 మార్చి 1932

అన్నయ్యకి,

నెయ్యి గిన్నె గుర్తు చేశావు. ఇది అంతకంటే పెద్ద గిన్నె.

చుక్కలు కలిపానని నువ్వు రాసిన ఉత్తరం వచ్చిన మర్నాడే పంపు దగ్గర అసిరమ్మని అడిగాను. అసిరమ్మ షెడ్డులో రేజా, అంటే ఆడకూలీ. మొగుడు పోయాక ఆ పని మీదే బతుకుతోంది. తనూ ఇంకో ఇద్దరు రేజాలూ పాత పీచుని సోడానీళ్ళలో ఉడకబెట్టి, ఉతికి, ఆరేస్తారు. కార్తీక పున్నమి తరవాత మీ పనిలో ఏమైనా మారిందా అన్నాను.

"ఏటి మారతాదమ్మా? ఉతకడం అదే, పిండడం అదే. ఆరేసే సోటే మారినాది" అంది. "మీరూ మంగాయమ్మగారూ సప్టా మీదకి రావద్దన్నారు గదేటి. పీచు కంపు వడియాలకి ఒట్టుకుంటాదన్నారు. అప్పటినుంచీ ఆ బూడిదలోనే ఆరేత్తన్నాం."

ఇంజన్లలోంచి లాగిన బూడిదా, కాలీకాలని బొగ్గుముక్కలూ పోసే నేల ఉంది చూడు, అక్కడ. వెళ్ళి చూశాను. తడిపీచు ఆ నేల మీద పరిచి ఉంది. గుప్పెడు తీసి వేళ్ళతో నలిపాను. గరగరమంది. మళ్ళీ నలిపాను. ఆ గరుకుతోనే ఆయన మూడు నెలలుగా ఇరుసుపెట్టెలు కూరుతున్నారు. నూనెలో ముంచాక కంటికి కనపడదు. ఇరుసు మాత్రం అరిగి వేడెక్కుతుంది.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నాడంటారు. నిజంగానే నా భుజాల మీదికి చెయ్యి పోయింది, అన్నయ్యా.

చప్టా మాది కాదు. రైల్వేవాళ్ళు పీచు ఆరబెట్టుకోడానికే కట్టించుకున్నది. పౌర్ణమి మర్నాడు నేనూ మంగాయమ్మా గుమ్మడి తురుము పళ్ళేలతో వెళ్ళి, ఆ ముగ్గురినీ కేకలేసి లేపేశాం. అసిరమ్మ ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఫిట్టరుగారి భార్యని కదా. దొరని తిట్టాను, నిన్ను తిట్టాను, చేపని కూడా తిట్టాను. ఒక్క రేణువు పంటి కింద పడితే నన్నడుగు అని గొప్పలు పోయాను. ఆ రేణువులన్నీ నేనే మా ఆయన పెట్టెల్లోకి తోశాను.

ఆ సాయంత్రమే వడియాలు సగం ఎండినవి ఎండినట్టు ఎత్తేశాను. చప్టా కడిగి అసిరమ్మకి అప్పగించాను. కానీ ఎందుకో చెప్పలేదు. ఆయనకీ చెప్పలేదు, నీకూ చెప్పలేదు. సిగ్గొకటే కాదు. చెబితే పీచు ఆరేసింది ఎవరు అంటాడు దొర. అసిరమ్మ అంటారు. ముగ్గురు రేజాలనీ ఆ పూటే తీసేస్తాడు. వాళ్ళకి క్వార్టరూ లేదు, యూనియనూ లేదు. రెండు వారాలకి పైగా నిద్ర పట్టలేదు.

నిన్న ఆయనకి చెప్పేశాను. "అసిరమ్మ పేరు మాత్రం రాకూడదు" అన్నారు. అంతే అన్నారు. నన్ను రెండు తిట్టినా బాగుండేది.

బాణం కింద ఏం రాయాలో చెబుతున్నాను. నా పేరు రాయి. నా పేరు గోడకెక్కితే దొర తీసెయ్యడానికి నాకు ఉద్యోగం లేదు. మంగాయమ్మ తన పేరొద్దని ఏడ్చింది. వద్దులే. నోరు చేసింది నేనే. ఇంగ్లీషులో రాసి ఊరుకోకు, తెలుగులో కూడా రాయి. ఆయన పేరు చదివి నవ్వినవాళ్ళంతా నా పేరు చదవాలి.

కనకం


ఖరగ్‌పూర్,
9 మార్చి 1932

కనకానికి,

నువ్వు చెప్పినట్టే రాశాను. "ఈ వారం నుంచి పీచు బూడిద నేల మీద ఆరింది. చప్టా మీద ఫిట్టరుగారి భార్య కనకమహాలక్ష్మి వడియాలు పెట్టింది." ఇంగ్లీషులో ఒకసారి, కింద తెలుగులో ఒకసారి. పటం గార్డు అప్పారావుగారి చేత పంపాను.

హెడ్డు చూశాడు. ఎవరు గీయమన్నారు అన్నాడు. అంకెలు గీయమన్నాయి అన్నాను. జీవితంలో మొదటిసారి పై అధికారికి ఎదురు చెప్పాను, నీ నోరు నాకు అంటినట్టుంది. నెలాఖరుకి ఏమవుతుందో చూడాలి.

చేప పెట్టాను. ఈసారి కొంచెం పెద్దది.

శంకరరావు


బిలాస్‌పూర్,
2 ఏప్రిల్ 1932

అన్నయ్య శంకరరావుకి కనకం నమస్కారాలు.

నీ ఉద్యోగం నిలిచిందని వదిన రాసిన కార్డు చూసి దేవుడికి దీపం పెట్టాను. ఇక్కడి సంగతులు విను.

పటం పెద్దాఫీసు కాయితం మీద ఉంది కదా, దొర మారు మాట్లాడకుండా తీసుకున్నాడు. బూడిద నేల దగ్గరికి మీ బావని వెంటబెట్టుకుని వెళ్ళి, అక్కడ మిగిలిన పాత పీచు నలిపి చూశాడట. వేళ్ళు జేబురుమాలుతో తుడుచుకుని, "ముందే ఎందుకు చెప్పలేదు?" అన్నాడట. చూశావా న్యాయం! పేరు గోడకి కొట్టినవాడు, ఎందుకు చెప్పలేదని అడుగుతాడు. అడగడానికి నోరు రానివాడికి చెప్పడానికి మేమెక్కడ దొరుకుతాం? క్షమించమని ఒక్క మాట లేదు. పాత పటం దించి దాని వెనక తెల్లవైపున సామాన్ల జాబితా రాయించుకుంటున్నారు.

కొత్త పటం అదే మేకులకి కొట్టారు. మీ బావ ప్రతి శనివారం ఆ వారం చుక్క తనే పెడుతున్నారు. చప్టా ఖాళీ చేశాక తొమ్మిది, తరవాత అయిదు, మొన్న శనివారం రెండు. తగ్గింపు ఫిట్టర్ల మీద పడలేదు. అప్పలకొండ పెద్దకొడుకు మిఠాయి పొట్లం తెచ్చిచ్చాడు. అసిరమ్మ పనిలోనే ఉంది. పంపు దగ్గర నన్ను చూసి, "అచ్ఛా, ఇప్పుడు వడియాలు ఎక్కడెడతారమ్మా?" అని నవ్వింది. మంచం మీద పాత చీర పరిచి పెడుతున్నాను, సగం కాకులే తింటున్నాయి. ఈసారి నీకు పంపడానికి లేవు.

చేప బాగుంది.

పటం కొట్టిన రోజు సంగతి రాసి ముగిస్తాను. మధ్యాహ్నం నుంచే వీధిలో గుసగుసలు. ఫలానా ఫిట్టరు పెళ్ళాం పేరు గోడ మీదుందట అని. నేను తలుపు వేసుకుని కూర్చున్నాను. సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో ఆగారు. పదకొండేళ్ళుగా నన్ను "ఇదిగో" అనే పిలిచారు. ఆ వేళ చెప్పులైనా విప్పకుండా, రెండు వరసల క్వార్టర్లకీ వినపడేటట్టు, "కనకమహాలక్ష్మీ!" అన్నారు.

మంగాయమ్మ కిటికీ తెరుచుకుంది. నేను గడియ మీద చెయ్యి వేసి ఆగాను.

ఆయన ఇంకోసారి, ఇంకా గట్టిగా పిలిచారు. అప్పుడు పలికాను.

నీ చెల్లెలు
కనకమహాలక్ష్మి